1967 మస్టాంగ్ తుప్పు పని: ఫ్లోర్ కంటే ముందు కౌల్ చూడండి

గ్రైండింగ్ దుమ్ము పోవాలని కారును బయటికి తోసి, పైపుతో ఒకసారి బాగా కడిగి, మళ్లీ గరాజ్‌లో పెట్టాను. మర్నాడు పొద్దున డ్రైవర్ వైపు తలుపు తీస్తే, రెండు నెలలు కష్టపడి నేనే వెల్డ్ చేసిన కొత్త ఫ్లోర్ రేకు మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. కిటికీ అద్దాలు ఎత్తే ఉన్నాయి, తలుపులు మూసే ఉన్నాయి. డాష్‌బోర్డు కిందికి తల దూర్చి టార్చ్ వేసి చూస్తే, ముందు అద్దం కింద ఉండే గాలి పెట్టె (దాన్నే కౌల్ అంటారు) రంధ్రం అంచు నుంచి ఇంకా ఒక్కో చుక్కా పడుతూనే ఉంది. చాలాసేపు అలాగే పడుకుని ఆ చుక్కల్నే చూశాను. పాత మస్టాంగ్ కొని ఇంట్లో బాగుచేసుకుందాం అనుకునే తెలుగువాళ్లు ఇక్కడ కొంతమంది నాకు మెసేజ్‌లు పెడుతున్నారు, అందుకే వాళ్లకోసం ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మా బండి 1967 ఫోర్డ్ మస్టాంగ్, హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు ఉన్న రకం), 289 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్. మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి పడమర వైపు కాంటన్‌లో. బండి నంబరు 7ఎఫ్01సీతో మొదలవుతుంది. 7 అంటే 1967, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ప్లాంటు, 01 అంటే హార్డ్‌టాప్, సీ అంటే టూ బ్యారెల్ (రెండు గాలి దారులున్న) కార్బ్యురేటర్ ఉన్న 289 ఇంజిన్. అంటే మా ఇంటికి అరగంట దూరంలో పుట్టిన బండి ఇది. ఆ ప్లాంటులో 2004 వరకూ మస్టాంగ్‌లు చేశారు, ఆ తర్వాత మిషిగన్‌లోనే ఫ్లాట్ రాక్ అనే ఊరి ప్లాంటుకి మార్చారు. దీన్ని మజిల్ కార్ (పెద్ద ఇంజిన్‌తో దూసుకెళ్లే కారు) అనకూడదు, పోనీ కార్ (చిన్నపాటి స్పోర్టీ కారు) అనాలి అని వాదించేవాళ్లు ఉన్నారు, పేరు ఏదైనా నాకు ఫరవాలేదు. 390 లాంటి పెద్ద ఇంజిన్ పట్టాలనే ఆ ఏడాది బాడీని వెడల్పు చేశారు, ఆ భుజాల తీరు చూసే నేను దీన్ని ఇష్టపడ్డాను.

ఇక తుప్పు సంగతి. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతులో పెద్ద ఉప్పు గని ఉంది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు అక్కడి నుంచి కూడా తీస్తారు. కార్లు పుట్టే ఊరు, వాటిని తినే ఉప్పు, రెండూ ఒకేచోట. మాది కాకినాడ కాబట్టి ఉప్పు చేసే పని నాకు కొత్త కాదు. ప్రతి సంక్రాంతికి ముందు మా గేటు గీకి రెడ్ ఆక్సైడ్ వేయడం నాన్న పని, ఉప్పుకాగితం పట్టుకుని కింది కమ్మీలు రుద్దడం నా పని. ఎంత బాగా వేసినా, రెండు కమ్మీలు కలిసే మూలలో మళ్లీ ఏడాదికల్లా ఎర్రగా లేచేది. మస్టాంగ్‌లో అలాంటి మూలలు వందల్లో ఉంటాయి. లారీకి ఉన్నట్టు దీనికి విడిగా ఛాసిస్ (కింది చట్రం) ఉండదు, రేకుల్నే మడిచి స్పాట్ వెల్డింగ్‌తో, అంటే చుక్కలు చుక్కలుగా అతికించి బాడీ మొత్తాన్ని ఒక పెట్టెలా చేశారు. రేకు మీద రేకు కూర్చున్న ప్రతి చోటా మధ్యలో పెయింట్ పడని సందు ఉంటుంది. ఇప్పటి కార్ల రేకులకు ఉండే జింక్ పూత ఆ రోజుల్లో ఈ బండి రేకుల్లో చాలావాటికి లేదు. తడి అందులోకి దూరిందంటే ఎండదు. పైగా తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే లోపలి నుంచి ఉబ్బి రెండు రేకుల్నీ విడదీస్తుంది. బయటికి చిన్న పొక్కులా కనిపించిందంటే లోపల పని అయిపోయినట్టే.

2022 అక్టోబరులో కొన్నాను. అమ్మినతను బాడీ సాలిడ్‌గా ఉంది అన్నాడు, నేనూ ఫొటోలు చూసి నమ్మాను. చూడటానికి వెళ్లినప్పుడు ఫ్రిజ్ మీద ఉండే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్తే సరిపోయేది. ఇంటికి తెచ్చాక తిరుపతి నుంచి అమ్మ పంపిన వెంకటేశ్వరస్వామి అయస్కాంతం తీసుకుని, గీత పడకుండా పల్చటి గుడ్డ అడ్డం పెట్టి బండి చుట్టూ తిరిగాను. వెనక చక్రాల పైన రెండు వైపులా అంటుకోలేదు, జారిపోయింది. అక్కడ ఉన్నది రేకు కాదు, లప్పం. గీకితే కొన్ని చోట్ల అర అంగుళం మందం వచ్చింది. డ్రైవర్ కాళ్ల కింద కార్పెట్ లేపితే అల్యూమినియం రేకు ముక్క ఒకటి రివెట్లు కొట్టి, పైన తారు పూసి ఉంది. ఆ రేకు ఊడదీసేసరికి గరాజ్ నేల కనిపించింది.

ఇక్కడే నేను తప్పుదారి పట్టాను. చిల్లు కనిపించింది కాబట్టి చిల్లుతోనే మొదలుపెట్టాను. ఆ చిల్లు ఎందుకు పడిందో అడగలేదు. రోడ్డు ఉప్పు కింద నుంచి తినేసిందని అనుకున్నాను. అదీ కొంత నిజమే, కానీ ఆ ఫ్లోర్ తుప్పు ఎక్కువగా పై నుంచి, లోపలి వైపు నుంచి పట్టింది. తీసిన ముక్కని తిరగేసి చూసినా తెలిసేది. లోపలి ముఖం అంతా పొరలు పొరలుగా లేచి ఉంది, కింది ముఖం మీద పాత తారు ఇంకా చాలాచోట్ల అంటుకునే ఉంది.

ఫ్లోర్ మార్చే పని గురించి కొంచెం చెప్తాను. ఛాసిస్ లేని బండి కాబట్టి ఫ్లోర్ కోస్తే బాడీ వంగుతుంది. కోసే ముందు రెండు తలుపుల గుమ్మాల్లోనూ చతురస్రపు గొట్టాలు అడ్డంగా, ఐమూలగా వెల్డ్ చేసి బిగించాలి. తలుపు చుట్టూ సందు ఎంతుందో నాలుగు చోట్ల కొలిచి గోడ మీద రాసుకోండి. నేను రాసుకున్నాను, ఆ ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాను. పాత రేకుని, గోరు గుచ్చుకోనంత గట్టిగా ఉండే మెరిసే ఇనుము వచ్చేదాకా కోయాలి. కాగితంలా పల్చబడిన అంచుకి కొత్త రేకు అతికిద్దామని చూస్తే వెల్డింగ్ మంట తగలగానే చిల్లు పడుతుంది, ఆ చిల్లు పూడ్చబోతే ఇంకో చిల్లు. అక్కడ వెనక్కి తగ్గి ఇంకో రెండు అంగుళాలు కోసేయడమే మంచిది.

నేను వాడేది తీగని కరిగించి అతికించే మిగ్ వెల్డింగ్ మెషిన్, 0.023 అంగుళం తీగ, 75 శాతం ఆర్గాన్ 25 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గ్యాస్. ఫ్లోర్ రేకు 18 గేజ్, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు. ఇంత పల్చటి రేకు మీద గీత గీసినట్టు ఏకధాటిగా వెల్డ్ చేస్తే అప్పడంలా వంకర్లు పోతుంది. ఒక చుక్క ఇక్కడ పెట్టి, ఇంకో చుక్క జానెడు దూరంలో, మళ్లీ ఆ చివర, అలా తిరుగుతూ ఉండాలి. చెయ్యి పెట్టి చూస్తే కాలకూడదు, అప్పుడే పక్కన ఇంకో చుక్క. ఒక్క ఫ్లోర్ అంచుకి నాకు మూడు శనివారాలు పట్టింది, అందులో సగం సమయం రేకు చల్లారడం కోసం ఎదురుచూడటమే.

అంత చేశాకే ఆ చుక్కలు కనిపించాయి.

జూన్‌లో అమ్మానాన్న వచ్చారు. నాన్న మెకానిక్ కాదు, కాకినాడలో స్కూల్ మేస్టారుగా రిటైరయ్యారు. వచ్చిన మూడో రోజు జెట్‌లాగ్‌తో తెల్లవారుజామునే లేచి గరాజ్‌లో తిరుగుతూ, స్క్రూడ్రైవర్ తిరగేసి దాని పిడితో కారు ఒళ్లంతా తడుతున్నారు. కుండ కొనేటప్పుడు వాయించి చూస్తారు చూడండి, సరిగ్గా అలా. మంచి రేకు దగ్గర ఖంగుమంటుంది, తుప్పు దగ్గర శబ్దం చచ్చిపోతుంది. అద్దం కింద, వైపర్ల దగ్గర తట్టి ఆగారు.

"ఇక్కడ ఏముందిరా లోపల?" అన్నారు.

"గాలి వచ్చే దారి నాన్నా. కౌల్ అంటారు."

"గాలి వచ్చే దారిలో నీళ్లు రావా? మన స్లాబు గుర్తుందా, కారేది ట్యాంకు పక్కన, తడి కనిపించేది వంటింట్లో. నువ్వు వంటింట్లో సున్నం వేస్తున్నావు."

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మస్టాంగ్‌ల గురించి అంత చదివాను, కౌల్ కారుతుందనే మాటా చాలాసార్లు చదివాను, కానీ నా బండికి అది ఉండదులే అని ఎందుకో అనుకున్నాను.

కౌల్ అంటే ఏమిటో చెప్పాలి. బానెట్‌కీ ముందు అద్దానికీ మధ్య రేకు మీద సన్నటి గీతల్లా రంధ్రాలు ఉంటాయి. బయటి గాలి అందులోంచి దిగి, లోపల హీటర్‌కీ, డ్రైవర్ కాళ్ల దగ్గర గాలి కిటికీకీ వెళ్తుంది. కింద ఒక రేకు, పైన ఒక రేకు, రెండూ కలిపి అతికించిన పొడవాటి పెట్టె అది. గాలితో పాటు వానా పడుతుంది కాబట్టి, ఆ నీళ్లు గాలి రంధ్రాల్లోకి పోకుండా రంధ్రం చుట్టూ బావి గట్టులా అంచు లేపారు. నీళ్లు ఆ గట్టు చుట్టూ తిరిగి పెట్టె రెండు చివర్లకీ పారి, ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే పక్క రేకు) వెనక నుంచి కిందికి పోవాలి. కొత్తగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి ఉంటుంది. అయితే చెట్టు కింద పెట్టిన బండిలో ఆకులు కూడా ఆ గీతల్లోంచే పడతాయి. పడి, కుళ్లి, మట్టయి, తడి స్పాంజిలా ఆ గట్టు మొదట్లో కూర్చుంటాయి. లోపలికి చెయ్యి పోదు, బ్రష్ పోదు. పై మూత వెల్డ్ చేసేసి ఉంటుంది కాబట్టి శుభ్రం చేసే దారే లేదు. గట్టు కింద నుంచి తుప్పు పట్టి చిల్లులు పడ్డాక, ప్రతి వానకీ నీళ్లు కాళ్ల కింద కార్పెట్‌లోకి. కార్పెట్ కింద ఫ్లోర్. ఇదీ వరస.

తెరవాలంటే బానెట్, రెండు ఫెండర్లు, ముందు అద్దం విప్పాలి. డ్రైవర్ వైపు ఫెండర్ విప్పినప్పుడు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. 1967 మోడల్‌లో బండి నంబరు ఆ ఫెండర్ లోపల ఉండే రేకు మీదే గుద్ది ఉంటుంది, ఆ ముక్కని కోయడం, మార్చడం లాంటివి చట్టరీత్యా పెద్ద తలనొప్పి, అక్కడ చెయ్యి పెట్టకండి. తర్వాత పై రేకుని పట్టుకుని ఉన్న స్పాట్ వెల్డ్‌లు ఒక్కొక్కటీ వెతకాలి. పెయింట్ గీకితే చిన్న గుండ్రటి గుంటల్లా కనిపిస్తాయి. ఒక్కో దానికీ సెంటర్ పంచ్ కొట్టి, స్పాట్ వెల్డ్ కట్టర్‌తో పై రేకు మాత్రమే తెగేలా తొలవాలి. కింది రేకు దాకా పోతే అక్కడ మళ్లీ చిల్లు పూడ్చాలి. మా బండిలో 112 లెక్కపెట్టాను. నాన్న ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని పక్కన కూర్చుని, తొలిచిన ప్రతి దానికీ సుద్దముక్కతో గీత పెడుతూ పోయారు. నాలుగు సాయంత్రాలు పట్టింది.

మూత లేపినప్పుడు ముందు వాసన వచ్చింది, వానాకాలంలో పాత పెంకుటింటి చూరు కింద వచ్చే వాసన. లోపల నల్లటి మట్టి రెండు అంగుళాల మందాన, అందులో మేపుల్ గింజల రెక్కలు గుట్టగా, ఎలుక గూడు, ఒక తలపిన్ను. డ్రైవర్ వైపు బావి గట్టుని రెండు వేళ్లతో పట్టుకుంటే అలాగే ఊడి చేతిలోకి వచ్చింది. అంచు పైభాగం బాగానే ఉంది, ఫ్యాక్టరీ ప్రైమర్ కూడా కనిపిస్తోంది. మొదట్లో మాత్రం చుట్టూ పోయింది, చివరికి మట్టే దాన్ని నిలబెట్టి ఉంచినట్టుంది. కుడి వైపు, హీటర్ పక్కన, నాలుగు బఠాణీ గింజలంత చిల్లులు.

దీనికి సులువు మార్గాలు కొన్ని అమ్ముతారు. రంధ్రంలోంచి లోపలికి దోపి సీలెంట్‌తో అంటించే ప్లాస్టిక్ గట్టులు ఉన్నాయి, కొందరు ఫైబర్‌గ్లాస్ గుడ్డ వేస్తారు. బండి రోజూ తిరుగుతోంది, చిల్లు సూదిమొనంతే ఉంది, ఈ ఏడాది గడవాలి అంటే సరే. కానీ ఇప్పటికే ఫెండర్లు ఊడదీసి గరాజ్‌లో పెట్టుకున్న బండికి అలా చేయొద్దు. తుప్పు మీద ఏం కప్పినా కింద తుప్పు తింటూనే ఉంటుంది. మళ్లీ ఇంత దూరం విప్పే ఓపిక మనకు ఉండదు.

నేను కింది రేకులో రెండు గట్టుల చోటా చతురస్రంగా కోసి కొత్తవి పెట్టాను. మంచి సంగతి ఏమిటంటే ఈ బండ్లు 1967లోనే 4.7 లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి దాదాపు ప్రతి రేకూ ఇప్పటికీ కొత్తగా చేసి అమ్ముతున్నారు. వెల్డ్ చేసి, గ్రైండ్ చేసి, ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు వేసి, అతుకులన్నిటికీ నీళ్లు దూరకుండా సీమ్ సీలర్ బ్రష్‌తో పట్టించాను. అన్నిటికంటే ముఖ్యం ఇది: మూత వెల్డ్ చేయక ముందే నీళ్లు పోసి చూడాలి. నాన్న బిందె లాంటిది అడిగారు, లేదు, అమ్మ ఇడ్లీ పిండి కలిపే పెద్ద స్టీలు గిన్నె తెచ్చింది. నేను డాష్‌బోర్డు కింద పడుకుని టార్చ్ పట్టుకున్నాను, నాన్న పైన నిదానంగా పోశారు. మొదటిసారి కుడి వైపు ఒక అతుకులోంచి చెమ్మ వచ్చింది. ఆరబెట్టి, ఆ చోట సీలర్ గీకి మళ్లీ వేసి, రెండు రోజులాగి మళ్లీ పోశాం. అప్పుడు రాలేదు. ఆ తర్వాతే మూతకి రంధ్రాలు చేసి, కలిసే చోట వెల్డింగ్‌కి అడ్డురాని, జింక్ ఉన్న వెల్డ్‌త్రూ ప్రైమర్ కొట్టి, ఆ రంధ్రాల్ని వెల్డింగ్‌తో నింపి (ప్లగ్ వెల్డ్‌లు) మూశాను.

ఇంట్లో చేసే పని కాబట్టి కొన్ని భయపెట్టే మాటలు కూడా చెప్పాలి. వెల్డ్ చేయబోయే రేకుని బ్రేక్ క్లీనర్‌తో తుడవకండి. క్లోరిన్ ఉన్న రకమైతే ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, కొంచెం పీల్చినా ప్రాణం మీదికి వస్తుంది. జింక్ పొగ పీల్చితే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది, మాస్క్ తప్పనిసరి. పైకప్పు, వెనక ప్యానెల్ కలిసే చోట ఫ్యాక్టరీలో సీసం నింపారు, అక్కడ గ్రైండర్ పెట్టి ఆ దుమ్ము ఇంట్లోకి తీసుకెళ్లొద్దు, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో. ఈ బండిలో పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీ ఫ్లోర్, కాబట్టి వెనక వెల్డింగ్ అంటే ముందు ట్యాంకు దింపి గరాజ్ బయటికి పంపాలి. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, ఆవిరి నిండి ఉంటుంది. నాకు ఒకసారి ఫ్లోర్ కింద పాత తారు అంటుకుంది, నేను పైన వెల్డ్ చేస్తున్నాను కాబట్టి చూడలేదు, మా ఆవిడ వంటింటి కిటికీలోంచి పొగ చూసి అరిచింది. ఆ రోజు నుంచి మంటలార్పే సిలిండర్ చేతికి అందే దూరంలో ఉంటుంది, పని ఆపాక అరగంట అక్కడే కూర్చుంటాను.

చిన్న సామాన్ల తుప్పు వదిలించడానికి నాకు బాగా నచ్చింది ఎలక్ట్రాలిసిస్. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు, అందులో చాకలి సోడా, బ్యాటరీ ఛార్జర్. తుప్పు పట్టిన ముక్కకి నెగెటివ్, పనికిరాని ఇనుప ముక్కకి పాజిటివ్. స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం పెట్టకూడదు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి వస్తుంది. బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. బానెట్ కీళ్లు రాత్రంతా ఉంచితే పొద్దున్నే నల్లగా, తుడిస్తే కింద అసలు ఇనుము గీతలతో సహా కనిపించింది. బానెట్ మాత్రం ఇసుక కొట్టించడానికి ఒక షాపులో ఇచ్చాను, అంత పెద్ద చదును రేకుని దగ్గర నుంచి గట్టిగా కొట్టేసరికి రేకు సాగి, అలలు అలలుగా తిరిగొచ్చింది. చదునుగా ఉండే రేకులకి ఇసుక వద్దు. వైర్ బ్రష్, ఫాస్ఫారిక్ యాసిడ్, ఓపిక, ఇవి చాలు.

వెనక క్వార్టర్ ప్యానెళ్ల (వెనక చక్రాల పైన ఉండే పక్క రేకుల) గురించి ఇంకోసారి రాస్తాను, అదో పెద్ద కథ, ఇంకా సగంలోనే ఉంది.

నాన్న వెళ్లే ముందు ఆదివారం మళ్లీ బండిని బయటికి తోశాం. అద్దం తాత్కాలికంగా బిగించి, పైపు తీసుకుని వైపర్ల దగ్గర గీతల్లోకి పది నిమిషాలు నీళ్లు వదిలాను. నీళ్లు రెండు ఫెండర్ల వెనక నుంచీ సమానంగా కిందికి దిగి, వాలు మీదుగా రోడ్డు వైపు పారాయి. లోపల నాన్న ఫ్లోర్ మీద న్యూస్‌పేపర్లు పరిచి కూర్చున్నారు. నేను పైపు ఆపి తలుపు తీసేసరికి ఒక పేపరు ఎత్తి, మడిచి, నా చేతిలో పెట్టారు. పొడిగా ఉంది.